రాయకముందే కత్తెర!

సెన్సారు పేరెత్తితే చాలు, మన నిర్మాతల మొహాలు వాడిపోతాయి. ఎంతో కష్టపడి తీసిన రీళ్ళు కోసేశారని వాళ్ళ ఏడుపు. నాకూ జాలే. కానీ ఒకటి గమనించండి. ఇక్కడ ముందు పిక్చర్ తీస్తారు, తర్వాత కత్తెర పడుతుంది. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియాలో ఇంకో తమాషా చేశారు. అక్షరం రాయకముందే డబ్బు కట్టమన్నారు!

2018 మార్చిలో అక్కడి సర్కారు కొత్త నిబంధనలు తెచ్చింది. ఇంటర్నెట్‌లో బ్లాగు రాయాలంటే లైసెన్సు కావాలి. దరఖాస్తుకి 1 లక్ష షిల్లింగులు, లైసెన్సుకి 10 లక్షలు, ఏడాది రుసుము మరో 10 లక్షలు. అంటే 900 డాలర్ల పైమాటే. ఆ దేశంలో సగటు మనిషికి ఏడాది మొత్తానికి వచ్చేదే అటూ ఇటూగా 1000 డాలర్లు!

దరఖాస్తులో ప్రశ్నలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. పెట్టుబడి ఎంత, వాటాదారులెవరు, సిబ్బంది చదువులేమిటి, ముందు ముందు ఎలా ఎదుగుతారు... సెల్‌ఫోన్ పట్టుకుని ఫుట్‌బాల్ కబుర్లు రాసుకునే కుర్రాడికి సిబ్బంది ఎక్కణ్ణించి వస్తారండీ? లైసెన్సు లేకుండా రాస్తే కనీసం 50 లక్షల షిల్లింగుల జరిమానా, లేకపోతే ఏడాది జైలు, లేదా రెండూనూ.

బూతులూ అబద్ధాలూ ఆపడానికేనని సర్కారు వాదన. సరే, తప్పు రాసినవాణ్ణి పట్టుకోండి, ఎవరొద్దన్నారు? ఇక్కడ మాత్రం ముందు జేబు చూస్తున్నారు. జేబు నిండా ఉంటే రాయి, లేకపోతే నోరు మూసుకో! జూన్ 15 గడువు వచ్చేసరికి చాలామంది బ్లాగులు మూసుకున్నారు. ప్రకటనల మీద నాలుగు రాళ్ళు సంపాదించుకునేవాడికి మాటతో పాటు ఆ రాళ్ళూ పోయాయి. పేపరు పెట్టడానికి, స్టూడియో కట్టడానికి డబ్బు లేనివాడికి దొరికిన ఒకే ఒక చవక వ్యాపారం అది. దానికీ తలుపు వేశారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

అన్నట్టు, స్టార్లని వదిలేశారనుకునేరు! డైమండ్ ప్లాట్‌నమ్జ్ అంటే అక్కడి కుర్రకారుకి పిచ్చి. అంతటి గాయకుణ్ణి కూడా 2018 ఏప్రిల్‌లో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ముద్దు వీడియో గురించి పోలీసులు పిలిచి ప్రశ్నించారు. ఆయనకేం, పేరుంది, డబ్బుంది, మళ్ళీ హాయిగా పాడుకున్నాడు. మన ఫుట్‌బాల్ కుర్రాడి సంగతే ఆలోచించండి.

ప్రెసిడెంటు మగుఫులి 2021 మార్చిలో పోయారు. సామియా సులుహు హసన్ గద్దెనెక్కాక నిబంధనలు కాస్త సడలించారు, రుసుము తగ్గించారు. హమ్మయ్య అనుకునేలోగా 2025 అక్టోబర్ 29న, సరిగ్గా ఎన్నికల రోజున, దేశమంతా ఇంటర్నెట్టే కట్టేశారు. కొన్ని రోజులపాటు ఆన్‌లైన్ బేరాలు నడిపేవాళ్ళంతా చేతులు ముడుచుకు కూర్చున్నారు. లైసెన్సు డబ్బు ఠంచనుగా కట్టినవాళ్ళు కూడా!