చేతికి నిజం చెప్పే చక్రం

సిమ్ రేసింగ్ కోసం ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టీరింగు కొనదలచిన మిత్రులు ముందుగా వేసే ప్రశ్న ఒకటే: "దాని బలం ఎన్ని న్యూటన్ మీటర్లండీ?" ఈ ప్రశ్న అనవసరమని అనను గానీ, మొదట అడగవలసినది మాత్రం ఇది కాదని నా దృఢాభిప్రాయం.

ఆటలోని కారు ముందు టైర్లు రోడ్డుతో పడే పెనుగులాటను స్టీరింగు వెనుకనున్న మోటారు మన చేతులకు తెలియజేస్తుంది. మలుపులో టైరు తనంతట తాను తిన్నగా కావాలని చూస్తుంది; ఆ ప్రయత్నమే చేతికి బరువుగా తగులుతుంది. పట్టు పూర్తిగా తప్పడానికి కాస్త ముందే ఆ బరువు తగ్గనారంభిస్తుంది. వానకు తడిసిన కాలువగట్టు మీద సైకిలు తొక్కిన మా తణుకు ప్రాంతం వారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ముందు చక్రం జారబోయే ముందు హ్యాండిలు తేలికవుతుంది. ఆ తేలికదనాన్ని పసిగట్టడమే ఈ విద్యకు ఆయువుపట్టు.

కనుక చూడవలసినది బలంలోని తేడాలను చక్రం ఎంత స్పష్టంగా చెబుతుందన్నది. 2015లో వచ్చిన లాజిటెక్ జీ29 సుమారు 2 న్యూటన్ మీటర్ల బలమే ఇస్తుంది. లోపలి పళ్ళచక్రాల గరగర చేతికి తెలుస్తూనే ఉంటుంది. థ్రస్ట్‌మాస్టర్ టీ300 బెల్టుతో తిరుగుతుంది గనుక మెత్తగా ఉంటుంది. 2021లో వచ్చిన ఫనాటెక్ సీఎస్ఎల్ డీడీలో చక్రాన్ని నేరుగా మోటారు ఇరుసుకే బిగిస్తారు. బలం 5 న్యూటన్ మీటర్లు, పెద్ద అడాప్టరు పెడితే 8. ఇది మేలైనదనడంలో సందేహం లేదు.

అయితే చిన్న చక్రం కూడా నిజం చెప్పగలదు, మనం చెప్పనిస్తే! మోటారు శక్తికి మించిన బలాన్ని ఆట అడిగినప్పుడు తేడాలన్నీ చదునైపోతాయి. జాతరలో మైకు గొంతు పగిలేలా పెడితే పాటేదో అరుపేదో తెలియనట్టే ఇదీను. అసెట్టో కోర్సాలో బలాన్ని చూపే పట్టీ మాటిమాటికీ ఎర్రబడుతుంటే గెయిన్ తగ్గించండి. పైసా ఖర్చు లేని వైద్యమిది.

మిగిలిన సొమ్ము బ్రేకు మీద పెట్టమంటాను. సాధారణ పెడల్ కాలు ఎంత దూరం కదిలిందో కొలుస్తుంది. లోడ్ సెల్ పెడల్ ఎంత గట్టిగా తొక్కామో కొలుస్తుంది. కాలికి గుర్తుండేది దూరంకన్నా ఒత్తిడే. ఇక ఊగే బల్లకు బిగించిన ఖరీదైన చక్రం కంటే, కదలని బల్లకు బిగించిన చౌక చక్రం వెయ్యి రెట్లు నయం.

మాలాంటి చిన్న ఊళ్ళవారు మరవరాని సంగతి మరొకటుంది: మరమ్మతు. వారంటీ ఎవరిస్తారు, చెడితే ఏ ఊరికి పంపాలి అన్నది డబ్బు కట్టకముందే అడగాలి. ఫనాటెక్ మాతృసంస్థ ఎండోర్ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. అదే ఏడాది కోర్సెయిర్ దాన్ని కొనుక్కుంది. పెద్ద పేరొక్కటే భరోసా కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

"ఆటబొమ్మకు ఇంత ఖర్చా?" అని పెద్దలు అడుగుతారు. వారి ప్రశ్నలో న్యాయముంది, కానీ మరో పక్కా చూడాలి. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ పందెం జరిగింది. మరుసటి ఏడాదిది రద్దయింది. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మాకు ఐదువందల కిలోమీటర్ల పైమాటే. ఆట నుండే ఎదిగి, 2011లో జీటీ అకాడమీ గెలిచి, నిజమైన పందేలకు వెళ్ళిన బ్రిటన్ యువకుడు యాన్ మార్డెన్‌బరో ఉన్నాడు. అందరూ అతనంతవారు కారు, నిజమే. అయినా రేసు కారు తోలడమంటే ఏమిటో ఇక్కడి కుర్రవాడికి తెలిసే దారి ఆ బల్ల మీద చక్రమే.

అందుకే నా సలహా: మొదటి చక్రం మధ్యరకందే కొనండి, గట్టిగా బిగించండి, ఏడాది సాధన చేయండి. అది చెప్పేదంతా మీ చేతులు వినడం నేర్చాక, ఇంకా వినాలనిపిస్తే అప్పుడు పెద్దది కొనండి.