హామీ ప్రభుత్వానిది, భారం పిల్లలదా?

నాంపల్లి ఇంటర్ బోర్డు ఫలితాలు వచ్చాక మన బిడ్డలు కాలేజీల్లో చేరి, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఈపాస్‌లో దరఖాస్తు చేస్తారు. పట్టణాల్లో బీసీ, మైనారిటీ కుటుంబాలకు ఆదాయ పరిమితి ఏటా 2 లక్షలు. దళిత క్రైస్తవులు బీసీ-సి కిందికి వస్తారు. 75 శాతం హాజరు తప్పనిసరి.

పిల్లలు షరతులన్నీ పాటిస్తున్నారు. 2008లో మొదలైన ఈ పథకంలో మాట తప్పుతున్నది ప్రభుత్వమే. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బంద్ పాటించాయి. డబ్బు రాలేదని కాలేజీ సర్టిఫికెట్ ఆపితే, చేతికొచ్చిన ఉద్యోగం పోయేది విద్యార్థికే.

బకాయిలు చెల్లించమని ప్రభుత్వాన్ని, సర్టిఫికెట్లు ఆపవద్దని కాలేజీలను కోరుతున్నాం. అబిడ్స్, నాంపల్లి సంఘాల్లో చదువుకున్న యువత ఈ దరఖాస్తులకు తోడు నిలవాలి. ఇది దయ కాదు, బిడ్డల హక్కు.