అభ్యర్థులు - దేశరక్షణము

ఎన్నికలు వచ్చినప్పుడెల్ల లోకసభాస్థానమును గోరువారు బావులను గూర్చియు, బాటలను గూర్చియు వాగ్దానములు చేయుదురు. ఓటరులును వానినే యడుగుదురు. దేశరక్షణము, విదేశాంగనీతి ఢిల్లీలోని పెద్దలు చూచుకొనవలసిన సంగతులని మనలో ననేకుల భావము. ఇది ప్రమాదకరమని మా యభిప్రాయము. 1962వ సంవత్సరమున ఉత్తరబొంబాయి నియోజకవర్గమున జరిగిన పోటీయే యిందుకు నిదర్శనము.

ఆ ఫిబ్రవరిలో కాంగ్రెసు పక్షమున నిలిచినవారు రక్షణమంత్రి వి. కె. కృష్ణమీననుగారు. ఆయన అలీననీతిని ప్రపంచవేదికలపై సమర్థించిన మేధావి. 1961 డిసెంబరున గోవా విముక్తమగుటచే ఆయన ప్రతిష్ఠ మఱింత పెరిగియుండెను. ప్రత్యర్థి ఒకప్పటి కాంగ్రెసు అధ్యక్షులు ఆచార్య కృపలానీగారు. స్వతంత్రాభ్యర్థిగా నిలిచిన ఆయనను పలు ప్రతిపక్షములు బలపరచెను. చీనావారు ఆక్రమించిన సరిహద్దుభూమి మాట యేమని ఆయన 1961 ఏప్రిలునందే లోకసభలో మీననుగారిని నిలదీసియుండిరి.

మీననుగారు లక్షకు పైబడిన ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి. ఎనిమిది మాసములు గడచెను. అక్టోబరు 20వ తేదిన చీనాసేనలు లడఖునందును, ఈశాన్యసరిహద్దునందును ఒక్కమారుగ వచ్చిపడెను. చలిబట్టలు చాలక, బాటలు లేని కొండలలో, పాతతుపాకులతో మన జవానులు పోరాడవలసివచ్చెను. నవంబరులో మీననుగారు మంత్రివర్గమును వీడిరి. మఱుసటి యేట కృపలానీగారు అమ్రోహా ఉపయెన్నికలో గెలిచి, ఆగష్టులో నెహ్రూప్రభుత్వముపై అవిశ్వాసతీర్మానమును ప్రతిపాదించిరి.

నేరమంతయు మీననుగారిదే యనుట న్యాయము గాదు. చీనా యుద్ధమునకు దిగదని ప్రభుత్వమంతయు నమ్మెను. కృపలానీగారును అంతకు కొన్నియేండ్ల ముందు సైనికవ్యయము పెరుగుటను ఆక్షేపించినవారే. ఇరువురును దేశభక్తులే. దేశభక్తుడైనచో లెక్క లడుగనక్కరలేదని తలంచుటయే పొరపాటు. ఓటు గెలుపు నిచ్చును గాని, గెలిచినవాని నీతి సరియైనదని నిరూపింపజాలదు.

కావున ఓటరు ముందుగనే యడుగవలెను. సరిహద్దునకు బాటలెంతవరకు పడినవి? జవానునకు బట్ట, మందుగుండు సకాలమున నందునా? మీరు కోరు వ్యయమునకు సొమ్మెచ్చటిది? పొరుగురాజ్యముతో మైత్రి విఫలమైనచో చేయునదేమి? యుద్ధగర్జనలు చేయువానికిని, శాంతివచనములు పలుకువానికిని ఇవే ప్రశ్నలు.

పశ్చిమగోదావరిలోని మాధవరమువంటి గ్రామములు తరతరములుగా తమ బిడ్డలను సైన్యమునకు పంపుచున్నవి. హిమాలయములు మనకు దూరమే కావచ్చును. అచ్చట కాపుండు జవాను మనకు దూరపువాడు గాడు. అతని పక్షమున ప్రశ్నించుట మన కర్తవ్యము. ఆ ప్రశ్నకు జవాబీయలేని అభ్యర్థి యెంతటి వక్తయైనను, మన ఓటునకు అర్హుడు గాడు.