పిరికిపిల్ల ధైర్యం ఎవరికి పనికొచ్చింది?

అపరాధ పరిశోధన నవలలంటే మన ఉద్యమంలో కొందరికి చిన్నచూపు. అవి అద్దెపుస్తకాల కొట్ల సరుకు, వాటితో మనకేం పని అంటారు. పని ఉంది. హత్య, సాక్షి, పోలీసు, పంచనామా, మేజిస్ట్రేటు - వీటితో మన వాడలకున్నంత పరిచయం ఇంకెవరికుంది? కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు ఒక తరాన్ని ఊపేశాయి. మన పల్లెల్లో అక్షరం వచ్చిన కుర్రాళ్ళు కూడా చేతులు మార్చుకుని చదివారు. ఆ నవలల్లో హంతకుడెవరో చివర్లో తేలుతుంది, తేలగానే బేడీలు పడతాయి. మన ఊళ్ళలో హంతకుడెవరో మొదటి రోజే అందరికీ తెలుసు. పడనివి బేడీలే. ఈ తేడాని మనసులో పెట్టుకుని ఒక నవల గురించి మాట్లాడుకుందాం.

నవల పేరు "రెబెక్కా". రాసింది డాఫ్నీ డు మోరియే అనే ఇంగ్లీషావిడ. 1938లో అచ్చయింది. పేరున్న నాటకాల కుటుంబంలో పుట్టింది, సైన్యాధికారిని పెళ్ళాడింది, భర్త ఉద్యోగం మీద ఈజిప్టులో ఉన్నప్పుడు ఈ నవల మొదలుపెట్టింది. ఎనభై ఏళ్ళు దాటినా అమ్ముడుపోతూనే ఉంది. హిచ్‌కాక్ దీన్ని 1940లో సినిమాగా తీశాడు, దానికి ఆస్కారు వచ్చింది. 1964లో హిందీలో "కొహ్రా" పేరుతో తీశారు. అందులో నాయిక వహీదా రెహమాన్. 1955లో "రోజులు మారాయి" సినిమాలో ఏరువాక పాటకి ఆడిన పిల్ల ఆవిడే. అంటే ఈ కథ మన గడపదాకా ఎప్పుడో వచ్చింది.

కథ చెప్తా వినండి. ఒక పేదపిల్ల. తల్లిదండ్రులు లేరు. డబ్బున్న ముసలావిడ దగ్గర తోడుగా ఉండే ఉద్యోగం చేసుకుంటూ ఉంటుంది. సిగ్గు, భయం. ఆ పిల్లకి నవల మొత్తంలో పేరు లేదు. మాక్సిం డి వింటర్ అనే పెద్ద భూస్వామి ఆమెని చూసి పెళ్ళాడి, కార్న్‌వాల్ సముద్రతీరంలో ఉన్న తన దివాణానికి తీసుకెళ్తాడు. దాని పేరు మాండర్లీ. అతని మొదటి భార్య రెబెక్కా ఏడాది క్రితం సముద్రంలో పడవ మునిగి చచ్చిపోయిందని అందరూ అనుకుంటుంటారు. దివాణంలో పెత్తనం చేసే డాన్వర్స్ అనే పనిమనిషి చచ్చిపోయిన దొరసానినే కొలుస్తూ, కొత్త పిల్లని గడ్డిపోచలా చూస్తుంది.

ఆ పిల్ల పిరికితనాన్ని రచయిత్రి బాగా రాసింది, ఒప్పుకోవాలి. చుట్టాలొచ్చిన చప్పుడు వినపడితే ముందుకెళ్ళి పలకరించలేక లోపలి గదుల్లోకి పారిపోయి, తన ఇంట్లోనే దారి తప్పుతుంది. టీ బల్ల మీద కుప్పలుగా పెట్టిన తిండి మిగిలిపోతే అదంతా ఏం చేస్తున్నారని డాన్వర్స్‌ని అడగడానికి కూడా నోరు రాదు. మన ఆడపిల్లలకి ఇది కొత్తా? పల్లె నుంచి మొదటిసారి పట్నం హాస్టలుకి వెళ్ళిన పిల్ల వార్డెను గది ముందు నిలబడి తలుపు తట్టలేక వెనక్కొచ్చిన సంగతి మన మీటింగుల్లో ఎంతమంది చెప్పలేదు? తేడా ఒక్కటే. ఆ పిల్ల భయం ఆమె మనసులో పుట్టింది. మన పిల్ల భయాన్ని ఊరు పెట్టింది, పుట్టకముందే పెట్టింది.

ఇక్కడ ఒక చిన్న సంఘటన ఉంది. విమర్శకులు దాన్ని పెద్దగా పట్టించుకోరుగానీ నాకు నవలంతా అందులోనే కనపడింది. కొత్త దొరసాని చెయ్యి తగిలి ఖరీదైన పింగాణీ బొమ్మ పగిలిపోతుంది. భయపడి ఆ ముక్కల్ని సొరుగులో దాచేస్తుంది. బొమ్మ కనపడకపోయేసరికి అనుమానం రాబర్ట్ అనే నౌకరు కుర్రాడి మీద పడుతుంది. ఆ కుర్రాడు ఏడ్చినంత పనవుతుంది. తర్వాత ఆ పిల్ల నిజం ఒప్పుకుంటుంది, భర్త చిరాకుపడతాడు, పనిపిల్లలా ఇదేం పని అన్నట్టు మాట్లాడతాడు. అంతటితో సరి. దొరసాని సిగ్గుపడింది అని మనం జాలిపడతాం. ఆ పూట రాబర్ట్ ఉద్యోగం ఊడితే? దివాణంలో దొంగ అని పేరుపడ్డ నౌకర్ని ఇంకే ఇంట్లో పెట్టుకుంటారు? మన పాలేర్లని అడగండి, చెప్తారు. దొరల పిరికితనానికి కూడా ఖర్చు పెట్టేది పనోళ్ళే.

ఇక మిస్టరీ. ఒక రోజు ఓడ ఒకటి అక్కడ గట్టు తగులుకుంటుంది. అడుగున దిగిన మనిషికి రెబెక్కా పడవ, అందులో ఒక శవం కనపడతాయి. మాక్సిం భార్యకి నిజం చెప్తాడు: రెబెక్కా మునిగిపోలేదు, నేనే తుపాకీతో కాల్చాను, శవాన్ని పడవలో వేసి అడుగున చిల్లులు పెట్టి ముంచేశాను. ఆమె ఇంకొకడి బిడ్డని మోస్తున్నానని రెచ్చగొట్టిందట, అందుకట. ఇదంతా హంతకుడి నోటి మాటే. చచ్చిపోయినావిడ వచ్చి చెప్పదు కదా.

ఇక్కడే పిరికిపిల్లకి ధైర్యం వస్తుంది. ఎందుకొస్తుందో గమనించండి. భర్త హంతకుడని తెలిసినందుకు కాదు. అతను రెబెక్కాని ప్రేమించలేదు, అసహ్యించుకున్నాడు, కాబట్టి నేనే అసలు భార్యని అని తెలిసినందుకు. చనిపోయిన ఆడమనిషి కోసం ఒక్క కన్నీటి చుక్క రాలదు. ఏం చెప్పాలో, ఎట్లా చెప్పాలో భర్తకి తనే నేర్పుతుంది. మర్నాడు డాన్వర్స్ ముందు తలెత్తి నిలబడి, ఇప్పుడు దొరసానిని నేను అని చెప్తుంది. పాఠకులు చప్పట్లు కొట్టే చోటు ఇది. పిల్ల ఎదిగిందంటారు. నన్నడిగితే ఆ పిల్ల ఎదగలేదు, దివాణంలో కలిసిపోయింది. నిన్నటిదాకా జీతం మీద బతికిన పిల్ల ఇవాళ ఆస్తి పక్కన నిలబడి హత్యని కప్పుతోంది. దానికి కూడా గుండె కావాలి, కాదనను. ఆ గుండెని ధైర్యం అని పిలవడానికే నాకు నోరు రావడంలేదు.

ఇంకో సంగతి. రెబెక్కా చచ్చిన కొన్ని వారాలకి దూరంగా ఎక్కడో ఒక ఆడమనిషి శవం ఒడ్డుకి కొట్టుకొస్తుంది. మాక్సిం వెళ్ళి, అది తన భార్యదే అని గుర్తుపట్టినట్టు చెప్పి, తెచ్చి వంశ సమాధుల్లో పెట్టిస్తాడు. అసలు శవం దొరికాక మరి ఆ సమాధిలో ఉన్నది ఎవరు? ఎవరి కూతురు? ఎట్లా చచ్చింది? నవల పూర్తయ్యేదాకా ఎవ్వరూ గట్టిగా అడగరు. దొరగారు దుఃఖంలో పొరపాటు పడ్డారని సర్దుకుంటారు. నాలుగొందల పేజీల మిస్టరీ నవలలో అసలు మిస్టరీ ఇదే కదా అనిపించింది నాకు. రైలు పట్టాల పక్కన, కాలవ గట్ల మీద దొరికి, గుర్తుతెలియని మహిళ అని పేపర్లో రెండు లైన్లకి నోచుకుని, పోలీసు ఫైల్లో మూతపడిన మన ఆడోళ్ళు ఎంతమందో!

విచారణ జరుగుతుంది. టాబ్ అనే పడవలు కట్టే పనివాడు బోనెక్కి, పడవ అడుగున చిల్లులున్నాయి, అవి రాయి తగిలి పడ్డవి కావు, లోపలి నుంచి ఎవరో పొడిచినవి అని చెప్తాడు. ఎందుకు చెప్పాడు? తన పనితనానికి మాటొస్తోందని. నేను బాగుచేసిన పడవ ఊరికే మునగదు అంటాడు. దివాణం మీద కోపం లేదు, పేరు తెచ్చుకోవాలని లేదు, తన చేతిపని మీద నమ్మకం అంతే. నవలలో హంతకుణ్ణి వణికించిన సాక్ష్యం ఇదొక్కటే. చెప్పులు కుట్టేవాడు, డప్పు కట్టేవాడు, కుండ చేసేవాడు ఈ మాటని అర్థం చేసుకుంటారు. అయినా తీర్పు ఏమొచ్చింది? రెబెక్కా ఆత్మహత్య చేసుకుంది అని.

రెబెక్కా ప్రియుడు ఫావెల్ ఒప్పుకోడు. (వాడూ నీతిమంతుడేం కాదు, డబ్బు గుంజడానికొచ్చినవాడు.) నా దగ్గర సాక్షి ఉన్నాడంటాడు. ఆ సాక్షి బెన్. మతి సరిగా లేదని ఊరు తేల్చేసిన మనిషి. తండ్రి ఆ ఎస్టేటులోనే పనిచేసినవాడు. బెన్ రోజంతా సముద్రం ఒడ్డున గవ్వలేరుకుంటూ తిరుగుతాడు. అతనేదో చూశాడని నవల మనకి ముందే తెలిసేట్టు చేస్తుంది. ఇటు చూశావంటే పిచ్చాసుపత్రిలో వేయిస్తానని రెబెక్కా ఒకప్పుడు అతన్ని బెదిరించింది. ఆమె పోయింది, బెదిరింపు మిగిలింది. బెన్‌ని దివాణంలోకి తీసుకొచ్చి నిలబెడతారు. చుట్టూ దొర, దొరసాని, ఎస్టేటు మేనేజరు, మేజిస్ట్రేటు కల్నల్ జూలియన్. ఈ మేజిస్ట్రేటు అదే దివాణంలో విందుకొచ్చేవాడు. బెన్ ఏమంటాడు? నేనేం చూడలేదు, నన్ను ఆసుపత్రికి పంపొద్దు. అంతే. ఇంటికి పంపేస్తారు.

మేజిస్ట్రేటుకి చివరికి నిజం అర్థమవుతుందనే రచయిత్రి సూచిస్తుంది. రెబెక్కాకి నయంకాని జబ్బుందని లండన్ డాక్టరు చెప్పేసరికి, ఆత్మహత్యకి కారణం దొరికింది కదా అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తర్వాత దివాణం తగలబడిపోతుంది, ఆ దంపతులు పరదేశాల హోటళ్ళలో బతుకుతారు. అదే శిక్షట. ఉరి కాదు, జైలు కాదు, ఇల్లు కాలడం. హాలీవుడ్ సినిమాకి ఇది కూడా కుదరలేదు. హంతకుడు శిక్ష తప్పించుకున్నట్టు చూపకూడదని అప్పట్లో వాళ్ళకో నియమావళి ఉండేది. దాంతో ఏం చేశారో తెలుసా? హంతకుణ్ణి శిక్షించలేదు, హత్యనే తీసేశారు. రెబెక్కా కింద పడి తల తగిలి చచ్చిపోయినట్టు మార్చారు! మన ఎఫ్.ఐ.ఆర్. రాసేవాళ్ళకి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు.

కార్న్‌వాల్ దొరల కథకీ మనకీ ఏంటి సంబంధం అనే మిత్రులకి నా జవాబు ఒకటే మాట: బెన్. దివాణం గదిలో నిలబడి వణికిన ఆ మనిషి స్థానంలో మనం ఎన్నిసార్లు నిలబడ్డాం!

1985 జూలైలో కారంచేడు చెరువు దగ్గర మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. మంచినీళ్ళ చెరువు పాడుచెయ్యొద్దన్నందుకు మనపిల్లాణ్ణి కొడుతుంటే అడ్డంపడి, తన మీదికొచ్చినవాళ్ళ మీదికి ఎత్తింది. ఆమె ఏ దివాణం అండతో ఎత్తింది? జూలై 17న ఊరు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపింది. ఆ కేసులో కళ్ళారా చూసిన సాక్షి దుడ్డు అలీసమ్మ. తర్వాత ఆమెనీ చంపేశారు. బెన్‌కి ఆసుపత్రి భయం. అలీసమ్మకి ప్రాణభయం ఉండి కూడా నోరు మూసుకోలేదు. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది, ఇరవై మూడేళ్ళకి. ఒకడికి యావజ్జీవం, మిగతావాళ్ళలో ఇరవైతొమ్మిది మందికి మూడేళ్ళు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. కోర్టు మా ఊళ్ళోనే పెట్టాలని కొట్లాడి పెట్టించుకున్నారు అక్కడి మాలలు. 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు ఇరవైఒక్క మందికి యావజ్జీవం, ముప్పైఐదు మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. బోనెక్కి పేర్లు పెట్టి చెప్పిన ఆడవాళ్ళు అదే ఊరి చుట్టుపక్కల పొలాల్లో కూలికెళ్ళాలి, అదే బస్సెక్కాలి. ఇంత ధైర్యం గురించి ఏ మిస్టరీ నవల వచ్చింది తెలుగులో? అడుగుతున్నా. కారు దిగొచ్చి పేదపిల్లని పెళ్ళాడే నాయకుడి నవలలు వారపత్రికల్లో వందలొచ్చాయి. సాక్షి చెప్పిన దళిత స్త్రీ నాయికగా మన రచయితలు, రచయిత్రులు రాయాల్సి ఉంది. బయటోళ్ళు రాస్తారని కూర్చోవద్దు.

ఈలోగా కార్యకర్తలకి తెలిసుండాల్సిన సంగతులు కొన్ని. బెన్‌లాంటి మనిషి మాట చెల్లదని ఏ ఎస్సై అన్నా నమ్మొద్దు. ప్రశ్న అర్థం చేసుకుని సరైన జవాబు చెప్పగలిగితే మతిస్థిమితం లేని మనిషి కూడా సాక్ష్యం చెప్పొచ్చని పాత సాక్ష్యాధారాల చట్టం 118వ సెక్షనులో ఉండేది, 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలో అది 124వ సెక్షను. అట్రాసిటీ చట్టానికి 2016 జనవరి నుంచి 15-ఎ సెక్షను చేరింది. బాధితులకి, సాక్షులకి రక్షణ, కోర్టుకి వెళ్ళిరావడానికి ఖర్చులు, అవసరమైతే వేరేచోట నివాసం - ఇవన్నీ అందులో ఉన్నాయి. నిందితుడికి బెయిలిచ్చే ముందు బాధితులకి కబురు చెయ్యాలి, వాళ్ళ మాట వినాలి. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతా పాటించాలంది. దానికి ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి పెద్దగా కమిటీ ఉండాలి. బెదిరింపు వస్తే నోటిమాటగా వదిలెయ్యకుండా కాగితం మీద రాసి అర్జీ పెట్టించండి. నకలు దగ్గరుంచుకోండి.

"రెబెక్కా" దొరికితే చదవండి. పట్టుకుంటే వదలనివ్వదు, రచయిత్రి పనితనం అది. రాత్రి బడుల్లో ఆడపిల్లలకి కథగా చెప్పండి. చెప్పేటప్పుడు పెళ్ళి దగ్గర మొదలుపెట్టొద్దు. ఒడ్డున గవ్వలేరుకుంటున్న బెన్ దగ్గర మొదలుపెట్టండి. దివాణం గదిలో అతన్ని నిలబెట్టిన చోట ఆపి, ఆ గదిలో ఎవరు లేకపోతే, ఎవరు ఉంటే అతను నోరు విప్పేవాడో పిల్లల్నే చెప్పమనండి.