తోలుకు తగిన కుట్టుమిషను

2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతినాడు, ఢిల్లీలోని ద్వారకలో పీఎం విశ్వకర్మ పథకం ప్రారంభమైంది. అందులో చేరిన 18 చేతివృత్తులలో చెప్పులు కుట్టే వృత్తి ఒకటి. పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సహాయం, ఆపైన 5 శాతం వడ్డీకి తొలి విడతగా లక్ష రూపాయల వరకు హామీ లేని ఋణం ఈ పథకం కల్పించిన వసతులు. ఢిల్లీ కరోల్ బాగ్ సందులలోనైనా, మన ఊళ్ళలోనైనా చెప్పులు, సంచులు, బెల్టులు కుట్టి బ్రతికే పనివానికి ఇటువంటి సొమ్ము చేతికి రాగానే ముందుగా తోచేది మంచి కుట్టుమిషను కొనాలని. అయితే లక్ష రూపాయల అప్పును 18 నెలలలో తీర్చాలంటే అసలు ఒక్కటే నెలకు 5,500 రూపాయలకు పైబడుతుంది. కొన్న మిషను పనికిరాక మూలపడినా వాయిదా మాత్రం ఆగదు. కనుక కొనుగోలుకు ముందు చేసే విచారణే అసలైన పొదుపు.

తోలు స్వభావం వేరు, గుడ్డ స్వభావం వేరు. గుడ్డలో సూది దిగినప్పుడు నూలుపోగులు పక్కకు తప్పుకుంటాయి. కుట్టు విప్పితే రంధ్రం చాలావరకు పూడిపోతుంది. తోలులో పడిన రంధ్రం శాశ్వతం. కుట్టు తప్పితే విప్పి సరిదిద్దే వీలు లేదు. ఆ ముక్క పాడైనట్లే. కుట్లు మరీ దగ్గరగా పడితే తపాలా బిళ్ళ అంచువలె తోలు ఆ గీత వెంబడే చినుగుతుంది. అందుకే సంచులకు అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది కుట్లు చాలునంటారు.

అంగడిలో చాలా మిషన్లపై ‘హెవీ డ్యూటీ’ అన్న మాట కనిపిస్తుంది. ఆ మాటకు కట్టుదిట్టమైన నిర్వచనం ఏదీ లేదు. ఇంటి మిషనుకు బలమైన మోటారు తగిలించినంత మాత్రాన అది తోలుమిషను కాదు. నాలుగు పొరల తోలును అది ఒకనాడు కుట్టి చూపవచ్చు. నిత్యం అదే పని పెడితే సూదికీ కొక్కానికీ ఉన్న పొందిక చెడి కుట్లు తప్పడం మొదలవుతుంది.

చూడవలసిన మొదటి విషయం, మిషను తోలును ముందుకు జరిపే తీరు. సాధారణ మిషనులో కింది పళ్ళు మాత్రమే సరుకును నెడతాయి. పైనున్న పాదం తోలును పట్టి ఆపుతుంది. ఫలితంగా కింది పొర ముందుకు సాగి, పై పొర వెనుకబడుతుంది, అంచులు కలియవు, పళ్ళ గుర్తులు తోలుపై మిగిలిపోతాయి. కాంపౌండ్ ఫీడ్ అనే మిషనులో పళ్ళు, పాదం, తోలులో దిగి ఉన్న సూది, ఈ మూడూ కలిసి అడుగు వేస్తాయి. పొరలు ఎన్ని ఉన్నా ఒకటిగా కదులుతాయి. సంచులు, బెల్టులు, సోఫా తొడుగులు కుట్టేవారికి ఇదే తగినది. 15,000 రూపాయలలో ఇటువంటి కొత్త మిషను రావడం కష్టం. దీనికి ఋణం అవసరమవుతుంది.

రెండవది, మిషను బల్ల ఆకారం. విప్పి పరచగల పనికి చదును బల్ల చాలు. సంచి మూతికీ చేతి పట్టీలకూ గొట్టం వంటి చేయి ఉన్నది మేలు. బూటు పైభాగాలకు స్తంభంవలె నిలిచిన బల్ల కావాలి. మరమ్మతులే జీవనాధారమైన వారికి సింగర్ 29కే తరహా మిషను అనువైనది. దాని సన్నని చేయి బూటులోపలికి పోతుంది. పాదం చుట్టూ తిరిగి ఏ దిక్కుకైనా కుడుతుంది. కాని దాని బాబిన్ చిన్నది. పొడవైన కుట్లతో రోజంతా సంచులు కుట్టడానికి దానిని ఎంచుకోరాదు.

మూడవది వేగం. తోలుపనికి కావలసినది నిదానం. పాత క్లచ్ మోటారు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. దానిని మెల్లగా నడపడానికి పాదానికి ఎంతో అభ్యాసం కావాలి. సర్వో మోటారు పెడలు నొక్కినప్పుడే తిరుగుతుంది; కరెంటు ఆదా అవుతుంది; మూలల వద్ద ఒక్కొక్క కుట్టుగా నడపవచ్చు.

సూది, దారం సంగతీ ముఖ్యమే. సూదిపై 110 అని ఉంటే దాని మందం 1.1 మిల్లీమీటరు, 140 అని ఉంటే 1.4 మిల్లీమీటరు. దారం లావైన కొద్దీ సూదీ లావు కావాలి. తాను వాడబోయే దారాన్ని ఆ మిషను భరించగలదా అని ముందే అడిగి తెలుసుకోవాలి. సూదులు, బాబిన్లు దగ్గరి బజారులో దొరకని మిషను ఎంత చౌకైనా ఖరీదైనదే.

కొనేవారు తమ తోలునూ దారాన్నీ వెంట తీసుకుపోవాలి. దుకాణదారు చూపే మెత్తని ముక్కపై కుట్టును చూసి మోసపోరాదు. రెండు పొరల నుంచి నాలుగు పొరలకు ఎక్కించి, మళ్ళీ దించి కుట్టి చూడాలి. మెట్టు ఎక్కేచోట కుట్టు పొట్టిదైతే ఆ మిషను ఆ పనికి చాలదు. ముక్కను తిరగవేసి అడుగు కుట్టునూ పరిశీలించాలి. పాత మిషనైతే సూది కడ్డీని పట్టి కదిపి చూడాలి. వదులుగా ఆడితే అరిగిపోయినట్లే. ఈ పనిలో శిక్షణ కోరేవారికి నోయిడాలో 1986లో నెలకొల్పిన పాదరక్షల రూపకల్పన, అభివృద్ధి సంస్థ ఉన్నది. దానికి హైదరాబాదులోనూ శాఖ ఉన్నది.

1924 అక్టోబరులో ఇదే ఢిల్లీలో రామచంద్రన్ అనే విద్యార్థి యంత్రాల విషయమై గాంధీజీని ప్రశ్నించాడు. యంత్ర వ్యామోహాన్ని నిరసించిన గాంధీజీ, సింగర్ కుట్టుమిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. మనిషి శ్రమను తగ్గించి అతనికి తోడుగా నిలిచే యంత్రంపై ఆయనకు విరోధం లేదు. కొనబోయే మిషను ఆ కోవలోనిదా, అప్పు మిగిల్చి మూలన కూర్చునేదా అన్నది తన పనిని, తన తోలును ఎరిగి అడిగే నాలుగు ప్రశ్నలపై ఆధారపడి ఉంటుంది.