ఇంట్లోకి వచ్చిన పరీక్ష గది

ఆన్‌లైన్ పరీక్షకు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నది యూనివర్సిటీ కంప్యూటర్ విభాగం తేల్చుకునే సాంకేతిక విషయమని మనం కూడా వదిలేశాం. 2020లో కరోనాతో కాలేజీలు మూతపడి పరీక్షలు ఇళ్ళలోకి వచ్చాక గాని ఇది స్త్రీల సమస్య అని తట్టలేదు. కరోనా తగ్గినా ఆ సాఫ్ట్‌వేర్ పోలేదు. ఆన్‌లైన్ డిగ్రీల్లో కొనసాగుతూనే ఉంది.

ఇల్లంటే ఎవరి ఇల్లు? కెమెరాతో కాపలా కాసే ఈ సాఫ్ట్‌వేర్ విద్యార్థికి విడిగా ఒక గది, ఒక కంప్యూటరు, మూడు గంటల నిశ్శబ్దం ఉంటాయనుకుంటుంది. వెనక ఎవరైనా నడిచినా, చూపు పక్కకి తిరిగినా అనుమానం కింద రాసుకుంటుంది. రెండు గదుల ఇంట్లో అత్తామామలు, చంటిపిల్లతో ఉంటూ డిగ్రీ రాసే కోడలు ఈ లెక్కన కూర్చోగానే దొంగ. పిల్ల ఏడిస్తే లేవాలా, వద్దా? మగపిల్లాడి పరీక్షకు ఇల్లంతా గొంతు తగ్గించుకుంటుంది. ఆడపిల్లనైతే మధ్యలో పాలు పొంగుతున్నాయేమో చూడమంటారు.

ఇక ఫోను సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ వారిలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో 26.5, 57.4. కాలేజీ పిల్లల్లో తేడా ఇంత ఉండకపోవచ్చు. కానీ ఇంటికి ఒకటే మంచి ఫోను ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో మనకు తెలియనిది కాదు.

పరీక్షకు ముందు కెమెరా తిప్పి గదంతా చూపించమంటారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి దీనిమీద కోర్టుకెళ్తే, ఇది రాజ్యాంగ విరుద్ధమైన సోదా అని 2022లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. అయినా పడకగదిలో తీసిన ఆ వీడియో ఎవరి దగ్గర ఎన్నాళ్ళుంటుందని అడిగే అవకాశం అమ్మాయికి ఎక్కడుంది?

అయితే కాపీ కొట్టనిద్దామా అంటారు అధ్యాపకులు. సబబైన ప్రశ్నే. జవాబు పుస్తకంలో దొరికే ప్రశ్న ఇచ్చి కెమెరా పెట్టేకన్నా, చదివింది తమ ఊరికి, తమ అనుభవానికి అన్వయించి రాయమనవచ్చు. రాసినదానిమీద పది నిమిషాలు మాట్లాడించవచ్చు. దిద్దే భారం పెరుగుతుంది, నిజమే. అది కాంట్రాక్టు లెక్చరర్ల నెత్తిన పడకుండా పని గంటలు లెక్కగట్టాలి. మూడుల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను యూనివర్సిటీ తన సర్వర్‌లోనే పెట్టుకుంటే రికార్డులు బయటి కంపెనీ చేతికి పోవు. దాన్ని నడిపే మనుషుల్ని మాత్రం నియమించుకోవాలి.

యూనివర్సిటీల్లో పనిచేసే మిత్రులు టెండరు పిలవకముందే కొన్ని సంగతులు రాతపూర్వకంగా అడగాలి. మామూలు ఫోనులో, బలహీనమైన సిగ్నల్‌లో పనిచేస్తుందా? కరెంటు పోతే అప్పటిదాకా రాసిన జవాబులు మిగులుతాయా? తెలుగులో రాయవచ్చా? అంధ విద్యార్థినులు వాడగలరా? కెమెరా వద్దన్నవారికి దగ్గర్లో పరీక్షా కేంద్రం ఉందా? వీడియోలు ఎప్పుడు చెరిపేస్తారు? ఒప్పందం ఇప్పటికే అయిపోయిన ప్రభుత్వ యూనివర్సిటీల్లో దాని ప్రతి కోసం సమాచార హక్కు చట్టం కింద ఈ నెలలోనే దరఖాస్తులు పెడదాం.