కారణము చెప్పని నిషేధము

పత్రికల నోరు నొక్కుట మన దేశమునకు క్రొత్త కాదు. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో వెలువడిన వ్యాసమునకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని చెరసాలకు బంపిన పరప్రభుత్వము, ఆ వ్యాసమును నేరముగా నెంచి, అభియోగము మోపి, బహిరంగన్యాయస్థానమున విచారించి మఱీ శిక్షించెను. అది అన్యాయమే, కాని కంటికి గనబడు నన్యాయము. జామీను పేరిట, కోర్టు గడప త్రొక్కకయే పత్రికలను దివాలా తీయించిన చట్టములును ఆ పాలకులవే గనుక వారిని పొగడుట మా యుద్దేశము కాదు. నేడు మన మెదుర్కొనుచున్న నిషేధము మాత్రము వేఱొక జాతికి జెందినది. వ్యాసము మాయమగును, టెలివిజన్ తెర చీకటియగును. ఎందుల కని యడిగినవారికి బదులుండదు.

2022 జనవరి 31న మలయాళ వార్తాఛానెలు 'మీడియా వన్' ప్రసారానుమతిని కేంద్రప్రభుత్వము రద్దుచేసెను. హోంశాఖవారు భద్రతానుమతిని నిరాకరించినారన్న మాట దప్ప ఛానెలువారికి మఱేమియు దెలియలేదు. కారణములను ప్రభుత్వము ముద్రవేసిన కవరులో బెట్టి కేరళ హైకోర్టు న్యాయమూర్తుల కందించెను. వారు చదివి, నిషేధము సరియే యనిరి. ఆ కాగితములను వాది చూడలేదు. వాది వకీలు చూడలేదు. పదివేల రూపాయల ప్రామిసరీనోటు దావాలో సయితము నోటు నకలు ప్రతివాది కీయనిదే వ్యాజ్యము కదలదు. వందలమంది జీవనాధారమును, లక్షలమంది వార్తాధారమును ఒక్క కలముపోటుతో దీసివేయు వేళ ఆపాటి మర్యాదయు నక్కరలేకపోయెను! ఫిబ్రవరిలో హైకోర్టు తీర్పు మొదలు మార్చి 15న సుప్రీంకోర్టు తాత్కాలికాజ్ఞ నిచ్చువరకు ఆ ఛానెలు మూగవోయెను. తుదకు 2023 ఏప్రిల్ 5న ఆ న్యాయస్థానమే నిషేధమును గొట్టివేసి, దేశభద్రత యను మాట నుచ్చరించినంతనే సహజన్యాయసూత్రములు తొలగిపోవనియు, ప్రభుత్వవిధానములను విమర్శించుట ప్రసారానుమతిని నిరాకరించుటకు కారణము కాజాలదనియు నిర్ణయించెను.

తీర్పు గొప్పది, గోప్యపు అలవాటు మాత్రము పోలేదు. 2024 ఫిబ్రవరిలో 'కారవాన్' మాసపత్రికను, జమ్మూలో సైనికుల నిర్బంధమున పౌరులు మరణించిన యుదంతమును గూర్చిన వ్యాసమును 24 గంటలలో తన వెబ్‌సైటునుండి తొలగింపుమనిరి. ఆ యాజ్ఞలోని విషయము గోప్యమని పత్రిక పాఠకులకు జెప్పుకొనవలసివచ్చెను. 2025 ఫిబ్రవరిలో అమెరికా మనవారిని సంకెళ్ళతో వెడలగొట్టిన దినములలో, ప్రధానమంత్రియే సంకెళ్ళతో అమెరికా అధ్యక్షుని చెంత గూర్చున్నట్లు తమిళ 'వికటన్' వ్యంగ్యచిత్రము వేసెను. బొమ్మ యొక్కటి, మూతపడినది వెబ్‌సైటంతయు! ముందుగా నోటీసైనను రాలేదు. మార్చి 6న మద్రాసు హైకోర్టు, ఆ పుటను తాత్కాలికముగా దొలగించినచో వెబ్‌సైటును దెఱువుడని యాజ్ఞాపించెను.

ఈ గుట్టునకు మూలము సమాచార సాంకేతిక చట్టము 69-ఏ సెక్షను క్రింద 2009లో చేసిన నిబంధనలలోని 16వది. ఫిర్యాదులను, వానిపై దీసికొన్న చర్యలను ఖచ్చితముగా గోప్యముగా నుంచవలెనని యది శాసించుచున్నది. 2015లో శ్రేయా సింఘాల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 69-ఏ సెక్షనును నిలబెట్టుచు, కారణములను వ్రాతమూలముగా నమోదు చేయవలెను గనుక బాధితుడు వానిని రిట్టు ద్వారా ప్రశ్నింపవచ్చునని యూరట చెప్పెను. చేతి కందని యాజ్ఞను ప్రశ్నించు టెట్లు?

స్వతంత్రభారతమున ఈ కథ మొదలైనదియు మద్రాసులోనే. నాడు మన ఆంధ్రజిల్లాలు ఆ రాష్ట్రమునందే యుండెను. 'క్రాస్ రోడ్స్' వారపత్రికను మద్రాసు ప్రభుత్వము తన రాష్ట్రమున అడుగిడనీయకపోగా, 1950 మేలో సుప్రీంకోర్టు ఆ నిషేధము చెల్లదనెను. ఏడాది దాటగానే 1951లో రాజ్యాంగమునకు మొదటి సవరణ వచ్చి, ప్రజాశాంతి, విదేశములతో మైత్రి యను క్రొత్త సంకెళ్ళను వాక్స్వాతంత్ర్యమునకు దగిలించెను. డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట ఒక వ్యంగ్యచిత్రముపై బ్రయోగించుటకు ఆ మాటలు సిద్ధముగానే యున్నవి.

ఢిల్లీని మాత్రమే నిందించిన జాలదు. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన 2014 జూన్ మాసముననే టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానెళ్ళను అచ్చటి కేబుల్ వారు నిలిపివేసిరి. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశమున ప్రభుత్వము మాఱగానే టీవీ9, సాక్షి మొదలగు ఛానెళ్ళు అనేకుల యిండ్లలో గనబడకపోయెను. టీవీ9 వారు ఢిల్లీ హైకోర్టున కేగి ఆజ్ఞ దెచ్చుకొనవలసివచ్చెను. ఇందు ప్రభుత్వపుటుత్తరువు కాగితముపై నొక్కటియు లేదు. ఉత్తరువే లేనప్పుడు వకీలు దేనిని రద్దుచేయుమని కోరవలెను? పక్షము మాఱినను పద్ధతి మాఱలేదు. నాడు చప్పట్లు కొట్టినవారే నేడు ఫిర్యాదు పట్టుకొని తిరుగుచున్నారు.

అన్ని నిషేధములును దుష్టములని మేమనము. 2008 నవంబరులో బొంబాయి దాడుల వేళ ఛానెళ్ళు కమెండోల కదలికలను ప్రత్యక్షముగా జూపగా, హంతకులను నడపించుచున్నవారికి అవి యుపకరించెను. అట్టి ప్రసారములను నిషేధించుచు 2015లో కేబుల్ నిబంధనలలో నొక యంశమును జేర్చిరి. అది బహిరంగముగా వ్రాసియున్నది, కారణ మందఱికి దెలియును. దానితో మాకు దగవు లేదు.

మేము కోరునది స్వల్పము. 16వ నిబంధనను దీసివేయవలెను. నిషేధించిన ప్రతి ప్రచురణకును ముందుగా నోటీసును, పిదప కారణములతో గూడిన యుత్తరువు నకలును ఇయ్యవలెను. ఆ యుత్తరువులను ప్రజలకు బ్రకటింపవలెను. దీనికి క్రొత్త చట్టమైన నక్కరలేదు. నిబంధన కేంద్రప్రభుత్వము చేసినదే గనుక గెజిట్‌లో నొక ప్రకటన చాలును. అది వెలువడునా యని మన పార్లమెంటు సభ్యులను, వారు ఏ పక్షమువారైనను, పఠనమందిరముల సభ్యులు జాబులు వ్రాసి యడుగుదురు గాక.